మా మొదటి పాట పట్టుకుని జవళగిరికి

హోసూరులో ఒకే కంపెనీలో పనిచేసే మేం నలుగురం రెండేళ్ళ కింద రాక్ బ్యాండ్ పెట్టాం. డ్రమ్స్ నావి. మొదటి పాట వీడియోను జవళగిరి దగ్గర ఒక గులాబీ తోటలో తీశాం. బంధువులు తప్ప పెద్దగా ఎవరూ చూడలేదు. పోయిన వారం దాని కింద ఒక కామెంట్ వచ్చింది: "పూలబుట్ట మోస్తున్నది మా అవ్వ. ఆమెకు చూపించారా?" చూపించలేదు. సిగ్గనిపించి, ఆదివారం ఒక్కదాన్నే బయలుదేరాను.

హోసూరు బస్టాండులో ఎనిమిదింటికి తళి బస్సెక్కితే గంట పైచిలుకు ప్రయాణం. టికెట్ ముప్ఫై లోపే. తళిలో దిగేసరికి చల్లగాలికి చేతులు జివ్వుమన్నాయి. "జవళగిరి బస్సు యాడన్నా?" అని కండక్టర్‌ని అడిగితే, "ఆ టీ అంగడి కాడ నిలబడమ్మా, పదింటికి ఆడికే వస్తాది" అన్నాడు. రెండు వేడి బోండాలు తినేలోపే వచ్చింది.

తోటలో, వీడియోలో పూలబుట్ట మోసిన రత్నమ్మవ్వ నన్ను చూడగానే గుర్తుపట్టింది. "వీడియో అంటిరి, పోతిరి. ఇన్నాళ్ళూ యాడుంటిరమ్మా?"

ఫోన్ చేతికిచ్చాను. పూలు కోస్తున్న ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. గిటార్ మోగగానే, "మిక్సీలో రాళ్ళేసినారా?" అని ఒకామె అంది. అందరూ నవ్వారు. అవ్వ మాత్రం చివరిదాకా చూసి అడిగింది, "ఆ పొద్దు నేనూ పాడినాను గదా, అది యాడమ్మా?"

గిటార్‌కు అడ్డమని దాన్ని మేమే తీసేశాం. ఆ మాటే చెప్పాను. "నీకిష్టం లేకుంటే వీడియో తీసేస్తానవ్వా" అన్నాను.

"తీసేసేదెందుకు? మళ్ళా పాడతాను. నువ్వు కొట్టు."

ఖాళీ పూల క్రేటు బోర్లించి వాయించడం మొదలుపెట్టాను. రెండు పంక్తులకే ఆపేసింది. "నిదానమమ్మా! పూలు కోసేటప్పుడు ఎవరన్నా పరుగెత్తుతారా?" చేయి తగ్గించి ఆమె గొంతు వెనకాలే వాయించాను. ఈసారి పాట పూర్తిగా పాడింది. రికార్డు చేసుకుని, వెంటనే వినిపించాను. "ఇది నా గొంతేనా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మా పాట ఎవరూ వినలేదని రెండేళ్ళుగా నలుగురం గొణుక్కుంటూనే ఉన్నాం. తిరుగు బస్సులో ఒడి నిండా అవ్వ ఇచ్చిన గులాబీలు పెట్టుకుని ఆమె పాటనే మళ్ళీ మళ్ళీ విన్నాను. మిగతా ముగ్గురికీ పంపితే, మా గిటారిస్టు ఒక్క మాటే రాశాడు: "ఈసారి నేను మెల్లగా వాయిస్తా."

మీరు అటు వెళ్తే ఒక్క సలహా: తోటల్లో ఎవరినైనా వీడియో తీస్తే, తిరుగు బస్సెక్కే ముందే వాళ్ళకు చూపించండి.