తునికాకు వాసన వేసిన టికెట్లు

"గేటు కాడ టికెట్లు పిరంగ అమ్మెటోళ్లు, గీ ఫోన్ల అగ్గువకు ఎందుకిస్తరే? పిచ్చోళ్లా వాళ్లు?" అన్నాను నేను.

"పిచ్చోళ్లు కాదు నానమ్మా. పార్కోళ్లే గీ ఫోన్ల దుకాణపోళ్లకు అమ్మమని హక్కు ఇచ్చిన్రు. ముందుగాల్ల కొన్నోళ్లకు అగ్గువ పడ్తది" అంది మనుమరాలు.

"సినిమా హాలు కాడ బ్లాకుల అమ్మెటోడు గుడ హక్కున్నట్టే నిలవడ్తడు."

"వాడు పిరంగ అమ్ముతడు, గీళ్లు అగ్గువకు అమ్ముతున్నరు! పిరమైతే నీకు కోపం, అగ్గువైతే భయం. నీతోని ఎట్ల ఏగాలె?"

"అగ్గువకొచ్చిన వంకాయలల్లనే పురుగులుంటయి. గజ్వేల్ అంగట్ల బేరం జేసినదాన్ని, నాకు చెప్పకు."

పట్నం దగ్గరి ఆటల పార్కుకు నన్ను తీసుకుపోతానని ఆ పిల్ల పట్టుబట్టింది. వచ్చే నెల నా మోకాలికి ఆపరేషన్ ఉంది, ఆ తర్వాత డాక్టర్లు నన్ను ఎత్తులెక్కనిస్తారో లేదో తెలియదు. తన జీతంలో మిగిలించుకున్న డబ్బుతో మర్నాటికే టికెట్లు కొంటానని కూర్చుంది. అవి దొంగవైతే పిల్ల కష్టం గంగలో కలుస్తుంది, నా కోరిక కూడా గేటు బయటే ఆగిపోతుంది. పెద్ద రాట్నం మీద ఇంకొక్కసారి పైకి పోవాలన్న ఆ కోరికను నేను ఎన్నడూ నోరు తెరిచి చెప్పలేదు. పైసా పైసా చూసుకుని బతికిన మనిషికి కోరికలు చెప్పుకోవడం చేతకాదు. కాబట్టి కోరిక దాచి, ఫోన్‌లోని టికెట్ బొమ్మ చూపించి "దీని మీద ముద్ర ఏది?" అని మాత్రం గద్దించాను. ఆ మాట అన్నానో లేదో, ఎక్కడి నుంచో తునికాకు వాసన వచ్చినట్టయింది.

మీలో బీడీలు చుట్టినవాళ్లుంటే ఆ వాసన ఎట్లాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. నేను చదివింది మూడో తరగతి దాకానే. కాపురానికి వచ్చిన కొత్తలో అత్త, పెద్ద తోటికోడలు, నేను తెల్లారింది మొదలు చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఆకూ తంబాకూ ఇచ్చి, చుట్టిన కట్టలు తీసుకునే కార్ఖానా సాయిబు మాట కటువే గాని మనిషి నిజాయితీపరుడు. ఒక ఏడు సిద్దిపేటకు నుమాయిష్, అంటే ఎగ్జిబిషన్ వచ్చి, ఊరి చివర ఖాళీ జాగలో ఆకాశాన్ని తాకే రాట్నం నిలబెట్టారు. రాట్నం యజమాని టికెట్లు కొన్ని సాయిబుకు ఇచ్చి మీ పనివాళ్లకు అమ్ముకొమ్మన్నాడట. ఆయన ప్రతి టికెట్ వెనుక కార్ఖానా ముద్ర గుద్ది, గేటు ధర కన్నా తక్కువకే మాకు ఇచ్చాడు. అగ్గువ సరుకుతో నలుగురిలో నవ్వులపాలు కావొద్దని, అవి చెల్లకపోతే మళ్లీ ఆట పేరు ఎత్తొద్దని అత్త ముందే హెచ్చరించింది.

మా తోటికోడలు అతి జాగ్రత్త మనిషి. పిల్లల చేతికి దొరకకూడదని ఆ టికెట్లను తీసుకుపోయి, ఇంట్లో ఎవరూ చేయి పెట్టని చోట, అంటే మర్నాటికి మెత్తబడాలని నీళ్లు చల్లి తడిగోనెలో చుట్టిన ఆకు కట్ట నడుమ దాచింది. మరునాడు సాయంత్రం తీసి చూస్తే ముద్ర కరిగిపోయి నీలం మరక మిగిలింది. ఆమె ముఖం చూడాలి అప్పుడు! ఏడుపు దిగమింగుకుంటూనే, కొత్త చీర కట్టుకున్న దాన్ని నన్ను ఉసూరుమనిపించలేక, పోయి చూద్దాం పద అంది.

గేటు దగ్గరి పెద్దమనిషి టికెట్లు అటూ ఇటూ తిప్పి, ముద్ర లేదు పొమ్మన్నాడు. మా వెనుక వరుసలో ఎవరో పకపకా నవ్వారు. తిరిగి పోదామని నేను కొంగు లాగుతుంటే, ఆ మనిషి ఎందుకో టికెట్లను ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చి, ఒక్కసారి తుమ్మాడు.

"ఇంక ముద్రెందుకమ్మా, గిది సాయిబు కార్ఖానా ఘాటే! పోన్రి లోపటికి" అంటూ చించి, సగం ముక్కలు మా చేతుల్లో పెట్టాడు.

రాట్నం మమ్మల్ని పైకి తీసుకుపోయి ఆగింది. ఒకపక్క కోమటి చెరువు నల్లటి పలకలా పరుచుకుని ఉంది, ఒకపక్క ఊరి దీపాలు గుప్పెడు జొన్నలు చల్లినట్టు మెరుస్తున్నాయి. వాటిలో మా ఇల్లు ఏదో పోల్చుకోలేకపోయాను. నేను పొద్దంతా కూర్చునే ప్రపంచమంతా ఇంత చిన్నదా, దాని చుట్టూ ఉన్నది ఇంత పెద్దదా అనిపించింది. తోటికోడలు నా చేయి పట్టుకుని కళ్లు మూసుకునే ఉంది. అక్కా, ఒక్కసారి చూడమని ఎంత బతిమాలినా తెరవలేదు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ సగం ముక్క మాత్రం చాలాకాలం నా సందూకు పెట్టెలో తంబాకు వాసన వేస్తూ ఉండేది.

ఇవన్నీ నేను తలుచుకుంటుండగానే మనుమరాలు పార్కువాళ్ల సొంత పేజీయే తెరిచి నా ముందు పెట్టింది. తమ టికెట్లు అమ్మే హక్కు ఎవరెవరికి ఇచ్చారో వాళ్ల పేర్లు అందులో ఉన్నాయి. ఇంగ్లీషు నాకు రాదు గాని, కార్ఖానా ముద్రలు పోల్చిన కళ్లు నావి. అక్షరం కింద అక్షరం వేలు పెట్టి, ఆ దుకాణం పేరూ ఈ పేరూ ఒకటేనని తేల్చుకున్నాకే కొనమన్నాను. సాయిబు గుద్దిన ముద్ర తడికి కరిగింది. ఈ కాలపు ముద్రకు తడి లేదు, మరక లేదు, ఎక్కడో కూర్చున్న వాళ్లు మనల్ని చూడకుండానే మన మాట నమ్ముతున్నారు. ఎంత వింత! కానీ టికెట్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని, మీరు ఫలానా వాళ్లు కదమ్మా అనే మనిషి ఇప్పుడు గేటు దగ్గర ఉండడు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కి పోయాం. మనుమరాలు ఫోన్ చూపించింది, యంత్రం కుయ్యిమంది, అడ్డకమ్మీ పక్కకు తప్పుకుంది. అలవాటు కొద్దీ సగం ముక్క కోసం నేను చేయి చాచాను. అక్కడి అమ్మాయి నవ్వి, ఆ చేతికే ఒక కాగితపు పట్టీ చుట్టింది. రాట్నం ఇంకా తిరగడం మొదలుపెట్టలేదు. మేమిద్దరం పోయి వరుసలో అందరికన్నా ముందు నిలబడ్డాం.