లేని మందు అడిగిన మనిషి

పోయిన వారం ఒక లారీ డ్రైవర్ జ్వరం మందుల కోసం మా దవాఖాన మందుల కౌంటర్ దగ్గరికి వచ్చి, చీటీ ఇవ్వడానికి కిటికీలోకి వంగాడు. అతని చొక్కా నుంచి తౌడు వాసన గుప్పుమంది. రైస్ మిల్లుల్లో తిరిగేవాళ్ళ బట్టలకు ఎన్నిసార్లు ఉతికినా వదలని వాసన అది. కొంచెం తీపిగా, కొంచెం ముక్కినట్టుగా, గట్టిగా పీలిస్తే తుమ్ము వచ్చేలా ఉంటుంది. గోలీలు లెక్కపెట్టి ఇస్తూనే ఉన్నాను కానీ నా మనసు సూర్యాపేటలో లేదు, మిర్యాలగూడ సత్తిరెడ్డి గారి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన కూడా ఇదే వాసనతో వచ్చి కౌంటర్ ముందు నిలబడేవారు. కాకపోతే ఆయన అడిగింది ఎప్పుడూ మా దగ్గర లేని మందే.

నాది కోదాడ. ఫార్మసీ చదివి ఉద్యోగం వచ్చాక, మిర్యాలగూడ వైపు ఒక సర్కారు దవాఖానలో మొదటి పోస్టింగు. ఏ దవాఖానో చెప్పను, చెప్పినా కథేం మారదు. చేరిన కొత్తలో ఒక సోమవారం, వరుసలో బీపీ గోలీల కోసం వచ్చిన ముసలమ్మల వెనకాల ఒక పెద్దమనిషి కనిపించాడు. తెల్ల చొక్కా, చేతికర్ర. మోకాళ్ళు రెండూ పూర్తిగా చాపలేనట్టు కొంచెం వంగి ఉన్నాయి. గేటు బయట ఆయన కారు, అందులో డ్రైవరు. వంతు వచ్చాక ఆయన మెల్లగా అడిగారు.

"ఫాక్టర్ ఎయిట్ ఉన్నదా బిడ్డా?"

ఆ పేరు కాలేజీ పుస్తకంలో చదివానే తప్ప సీసా ఎలా ఉంటుందో కూడా చూడలేదు. "లేదండి" అన్నాను.

"ఎప్పుడొస్తది?"

"రాదండి. మన దగ్గర ఆ మందు ఉండదు."

"అట్లనా. జర లేదని గీ చీటీ మీద రాసియ్యి. నీ దగ్గర గూడ రాసుకో, సత్తిరెడ్డి వచ్చి అడిగిండని." రాసి ఇచ్చాను. చీటీ జేబులో పెట్టుకుంటూ, "మీది కోదాడ దిక్కా? లేదన్న మాట గూడ తియ్యగ అంటున్నవు" అని నవ్వి వెళ్ళిపోయారు.

తర్వాతి సోమవారం మళ్ళీ వచ్చారు. ఆ తర్వాతా వచ్చారు. అదే వరుస, అదే ప్రశ్న, అదే చీటీ. మా సీనియర్ యాదగిరి గారు తల పట్టుకునేవారు. "ఆయనకు రెండు మిల్లుల్ల వాటా ఉన్నదమ్మా. మందు హైదరాబాద్‌ల కొనుక్కొచ్చి ఇంట్ల ఫ్రిజ్‌ల పెట్టుకుంటడు. ఊకె మన పానం తీస్తడు" అన్నారు ఒకరోజు. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో పెట్టుకున్న మందు కోసం ఇక్కడ ఇంతమంది పేదవాళ్ళ మధ్య నిలబడి, నా చేత వారం వారం లేదనిపించుకోవడంలో ఆయనకేం సరదా? కానీ కోపం కంటే కుతూహలం ఎక్కువైంది. ఎవరైనా అర్థం కాని పని చేస్తుంటే, ఎందుకు చేస్తున్నారో తెలిసేదాకా నాకు అన్నం సహించదు. చిన్నప్పటి నుంచీ అంతే.

ఆయన జబ్బు పేరు హిమోఫీలియా. మనకు దెబ్బ తగిలితే కాసేపటికి నెత్తురు గడ్డకట్టి ఆగిపోతుంది కదా, అలా గడ్డకట్టించే పదార్థాల్లో ఒకటి వీళ్ళ ఒంట్లో పుట్టుకతోనే ఉండదు, ఉన్నా సరిపడా ఉండదు. పైకి కనిపించే గాయం కంటే లోపల కారే నెత్తురే ఎక్కువ బాధపెడుతుంది. మోకాలి కీలులోకి దిగితే కాలు వాచిపోతుంది, పదే పదే దిగితే కీలు పాడై కాలు వంగే ఉండిపోతుంది. లేని ఆ పదార్థాన్ని, అంటే ఆయన అడిగే ఫాక్టర్ ఎయిట్‌ను, సూదితో ఎక్కిస్తే ఆగుతుంది, కానీ ఎంత త్వరగా ఎక్కిస్తే అంత మేలు. దాని ఖరీదు మామూలు సంసారాలు మోసేది కాదు. ఈ జబ్బు ఎక్కువగా తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుంది.

ఒక ఆదివారం ఇక ఆగలేక మిల్లుకే వెళ్ళాను. వడ్లు ఉడికే ఆవిరి ఆవరణంతా కమ్ముకుని ఉంది. ఆఫీసు గదిలో ఆయన కాలు స్టూలు మీద చాపుకుని, మోకాలి మీద గుడ్డలో చుట్టిన ఐసు పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. చాయ్ తెమ్మని చెప్పి, "అడగనీకె వచ్చినవు గదా, అడుగు" అన్నారు.

"ఇంట్లో మందు ఉంచుకుని మా దగ్గరికెందుకు వస్తారండి?"

ఆయన తిరిగి నన్నే అడిగారు. "మీరు మందులు గావాలని పైకి రాస్తరు గదా. ఏం జూసి రాస్తరు?"

"ఎంత వాడామో చూసి. అయిపోయినవి మళ్ళీ పంపమని రాస్తాం."

"మరి ఎన్నడూ లేని మందు ఎట్ల అయిపోతది?"

ఆయన ఐసు మూట పక్కకు జరుపుకుని చెప్పారు. "హైదరాబాద్ పోయి పెద్ద సార్లను అడిగిన. మీ దిక్కు పేషెంట్లు లేరు, ఎవరూ అడుగుతలేరు అన్నరు. మరి నేనెవర్ని సార్ అన్న. మీరు ఈడికొచ్చిన్రు గదా, ఈడి లెక్కల్నే ఉన్నరు అన్నరు. మందు లేదని ఎవరూ పోరు, ఎవరూ పోరని మందు రాదు. గీ చక్కరు ఎక్కడనో ఒకకాడ తెగాలె గదా."

"వాళ్ళకు మాత్రం డబ్బు ఎక్కడి నుంచి వస్తుందండి? ఆ ఒక్క సీసా డబ్బుతో ఎంతమందికి జ్వరం మందులు వస్తాయో" అన్నాను. వాదించాలని కాదు, నిజంగానే నాకు ఆ సందేహం ఉంది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

"నాకు తెల్వదా బిడ్డా? మిల్లు నడిపెటోన్ని. ఉన్న పైసలు కొన్నే ఉంటయి. ఎవరికి ముందు ఇయ్యాల్నో వాళ్ళు జూసుకోని. కానీ జూసుకునేటప్పుడు నేను లేనే లేనని మాత్రం అనుకోవద్దు."

తిరిగి వస్తూ బస్సులో ఆ మాటే నెమరేసుకున్నాను. ఎవరికి ఇవ్వాలి అన్న ప్రశ్న కంటే ముందు ఇంకో ప్రశ్న ఉందని, ఎవరు ఉన్నారో మనకు అసలు తెలుసా అని, నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ తర్వాత సోమవారాల్లో ఆయన చీటీ మీద లేదు అని రాసేటప్పుడు అక్షరాలు గుండ్రంగా రాయడం మొదలుపెట్టాను.

నాట్లు పడుతున్న రోజుల్లో హాలియా దిక్కు తండా నుంచి కమిలి అనే లంబాడీ ఆమె వచ్చింది. ఆరేళ్ళ కొడుకు చరణ్‌ను చంకనేసుకుని, నొప్పి గోలీల కోసం సత్తిరెడ్డి గారి వెనకే నిలబడింది. పిల్లాడి మోకాలు ఉబ్బి నిగనిగలాడుతోంది. ఏడ్చే ఓపిక కూడా అయిపోయి తల్లి భుజం మీద తల వాల్చేశాడు. సత్తిరెడ్డి గారు వెనక్కి తిరిగి ఆ కాలు చూసి, తన చీటీ సంగతి మరిచిపోయారు.

"ఎక్కడ పడ్డడమ్మా?"

"పడలే పటేలా. పొద్దుగాల లేస్తే గిట్లుంది. ఊకె గిట్లనే అయితది."

"నీకు అన్నదమ్ములు ఎందరు?"

ఆ ప్రశ్నకు కమిలే కాదు, నేనూ తెల్లబోయాను. "ఒక్కడుండె. పన్ను పీకిచ్చుకున్నంక రక్తం ఆగక పోయిండు. అప్పటికి పెండ్లి గూడ కాలె" అంది.

సత్తిరెడ్డి గారు చేతికర్ర మీద వంగి పిల్లాడి కాలు మళ్ళీ చూశారు. "మా మేనమామ గూడ గట్లనే పోయిండు. ఎడ్లబండి మీదికెల్లి పడితే" అన్నారు. అప్పటికప్పుడు తల్లీకొడుకులను తన కారులో హైదరాబాద్ పంపారు. పరీక్షలో జబ్బు అదేనని తేలింది, అక్కడే మందు ఎక్కించారు. కానీ మోకాలు మళ్ళీ వాచినప్పుడు ఏం చేయాలి? తండా నుంచి ఆటో, ఆటో దిగి బస్సు, బస్సులో సగం రోజు. చేరేసరికి కీలు నిండిపోతుంది. ఆ పిల్లాడు రెండు కాళ్ళ మీద నిలబడి బతకాలంటే మందు దగ్గర్లో ఉండాలి. సంగతి అంతే, అందులో దాపరికం ఏమీ లేదు.

సత్తిరెడ్డి గారు తన ఫ్రిజ్‌లోని మందు కొన్నిసార్లు చరణ్‌కు ఇచ్చారు. మా డాక్టర్లు ఎక్కించారు. అయితే వీలైన ప్రతి సోమవారం వచ్చి వరుసలో నిలబడమని కమిలికి చెప్పడం చూసి నాకు చిర్రెత్తుకొచ్చింది. "కూలి పోగొట్టుకుని లేని మందు కోసం రమ్మంటారా? మీరే కొనివ్వొచ్చు కదండి" అని ఆయన ముఖం మీదే అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "నువ్వన్నది తప్పు గాదు. కానీ నేనొక్కన్నే అడిగితే పైసలున్నోని పిచ్చి అంటరు. ఆమె అడిగితేనే రోగం అంటరు."

కమిలి మా ఇద్దరి మాటలూ వింటోంది. నా వైపే తిరిగి చెప్పింది. "పటేల ఇచ్చిననాడు మంచిదే మేడం. ఇయ్యనినాడు ఏం జెయ్యాలె? ఆయన ఊళ్లె లేకుంటే? ఆయనతోని నాకు లొల్లి అయితే? దవాఖానల ఉంటే ఎవ్వల మొఖం జూడకుంట తెచ్చుకుంట. నేనొస్త." సత్తిరెడ్డి గారు పకపకా నవ్వారు. తన ముఖం మీద అంత మాట అన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల అంతకు ముందు ఉన్నారో లేదో నాకు తెలియదు. ఆ రోజు నుంచి ఆయన కమిలిని ఏకవచనంలో పిలవడం మానేశారు.

అక్కడి నుంచి ఇలాంటి పిల్లల కోసం ఆయన వేట మొదలైంది. ఎవరింట్లో పుట్టువెంట్రుకలు తీస్తున్నా పిలవకపోయినా వెళ్ళేవారు. పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది సొంత మేనమామేనా అని ఆరా తీసేవారు. మేనమామ స్థానంలో వేరే ఎవరైనా కూర్చుని ఉంటే ఇక భోజనం కూడా చేయకుండా, అసలు మేనమామ ఏమయ్యాడని ఆ ఇంటి ఆడవాళ్ళ వెంట పడేవారు. చాలా ఇళ్ళలో మామూలు కారణాలే ఉండేవి, మేనమామ దుబాయ్‌లోనో, తగాదాలోనో ఉండేవాడు. కొన్ని ఇళ్ళలో తిట్లు తిన్నారు. హుజూర్‌నగర్‌లో ఒకాయన, "మా ఆడపిల్లలకు పెండ్లిండ్లు గావాల్నా వద్దా?" అని గేటు వేసేశాడట. అది కూడా నవ్వుతూనే చెప్పారు కానీ, ఆ ఇంటి పిల్లాడి గురించి చాలా రోజులు బెంగపడ్డారు. ఎలాగైతేనేం, ఒక్కొక్కరే తెలిశారు. సోమవారం వరుసలో మోకాళ్ళు వంగిన మనుషులు కనిపించసాగారు. నా లేదులు పెరిగాయి. వాటన్నిటినీ జతచేసి మా సూపరింటెండెంట్ గారు పైకి రాశారు, రాసి ఊరుకోకుండా ఫోన్లు చేశారు.

మందు ఒక చలికాలం వచ్చింది. థర్మాకోల్ డబ్బాలో ఐసు ముక్కల మధ్య చిన్న చిన్న సీసాలు. యాదగిరి గారు వాటిని పసిపిల్లల్ని పట్టుకున్నట్టు పట్టుకుని ఫ్రిజ్‌లో సర్దారు. కబురు పంపితే అందరూ వచ్చారు. ముందు చరణ్‌కు ఇచ్చాను. తర్వాత సత్తిరెడ్డి గారి వంతు. ఆయన తన భాగం ఇంకొకరికి ఇవ్వమని చెబుతారనే అనుకున్నాను. ఆయన చేయి చాపారు.

"మీ ఇంట్లో ఉంది కదండి" అన్నాను గొంతు తగ్గించి.

"ఉన్నది. నేను తీసుకోకుంటే మిగిలిందని రాస్తవు. వచ్చేసారి తక్కువొస్తది. ఇయ్యి." తీసుకుని వెళ్ళి చరణ్ పక్కనే బెంచీ మీద కూర్చుని చొక్కా చేయి పైకి మడిచారు. ఇద్దరూ ఒకరి సూదిని ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.

చరణ్ కాలు పూర్తిగా చక్కబడలేదు. మందు రాకముందు గడిచిన నెలల గుర్తు ఆ మోకాలిలో ఉండిపోయింది. కానీ నడుస్తాడు. ఇప్పుడు కోదాడలో ఇంటర్ చదువుతున్నాడు. సత్తిరెడ్డి గారు పోయారు. ఇంట్లో జారిపడితే తలలోకి నెత్తురు దిగింది. మందు వెంటనే ఎక్కించినా, హైదరాబాద్ తీసుకెళ్ళినా దక్కలేదు. అప్పటికి నేను సూర్యాపేటకు బదిలీ అయ్యాను. కబురు విని మందుల గదిలో కూర్చుని ఏడ్చాను. మా నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఆయన అంత్యక్రియల దగ్గర కమిలి కనిపించి, "ఇగ ముందర ఎవరు నిలబడ్తరు మేడం?" అని, వెంటనే తనే "నేనే నిలబడాలె" అంది.

నాకు ఆయన నేర్పింది ఒక చిన్న పని. లేదు అని చెప్పేటప్పుడు కళ్ళు దించుకోకుండా చెప్పడం, చెప్పాక రాయడం. పోయిన నెల ఒక చిన్నవయసు తల్లి ఏడాది కొడుకుతో విటమిన్ చుక్కల కోసం వచ్చింది. పిల్లాడు తల నిలపలేకపోతున్నాడు. ఆమె చేతిలో హైదరాబాద్ డాక్టర్లు రాసిన ఇంకో కాగితం ఉంది, నాకు చూపించకుండా మడిచి పట్టుకుంది. అదేమిటని అడిగాను. కండరాలు కరిగిపోయే జబ్బట. దాని మందు ధర వింటే ఊరు ఊరంతా అమ్మినా సరిపోదట. "గది ఈడ దొరకదని నాకెరుకే మేడం, అడుగుతలేను" అంది.

"అడగండి" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసి, కాగితం విప్పి, మందు పేరు కూడబలుక్కుని అడిగింది. లేదండి అన్నాను. రాసుకున్నాను. "రాస్తే వస్తదా?" అంది. వస్తుందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎన్నేళ్ళు పడుతుందో, అసలు వస్తుందో రాదో, ఆ పిల్లాడికి అంత సమయం ఉందో లేదో నాకు తెలియదు. "మీ బాబు కోసం వస్తుందని చెప్పలేనండి. మీరు అడిగినట్టు మాత్రం పైకి తెలుస్తుంది" అన్నాను. వెనక వరుస కదలడం లేదని ఎవరో గొణుగుతున్నారు. ఆమె పిల్లాణ్ణి భుజం మార్చుకుని, "అయితే బాబు పేరు గూడ రాయి మేడం" అంది. చెప్పిన పేరు చెప్పినట్టు రాశాను.

తర్వాతి సోమవారం ఆమె మళ్ళీ వచ్చింది. పిల్లాడి తలను అరచేత్తో ఆనించి పట్టుకుని, వరుసలో అందరికీ వినబడేలా ముందు వాడి పేరు చెప్పింది, తర్వాత మందు పేరు అడిగింది.