పొట్టేలు ఒప్పుకుంటేనే

ఆలూరు దగ్గర గొర్రెలు కాసే తిమ్మయ్యకు ఒకటే అలవాటు. తన ముసలి పొట్టేలును అడగందే ఏ పనీ చేయడు. మేనకోడలి పెళ్లికి పిలిచినా, డాక్టరు కంటికి ఆపరేషన్ చేయాలన్నా, "పొట్టేలును అడిగి చెప్తా" అనే అంటాడు. ఆపరేషన్ గురించి అది పది రోజులు ఆలోచించిందట.

ఎండాకాలంలో రైతులంతా ఆయన చుట్టూ తిరుగుతారు. ఏ చేలో మంద పండుకుంటే ఆ చేనికి ఇక వేరే ఎరువు అక్కర్లేదు. బదులుగా కాపరికి సంగటి, జొన్నలు ఇవ్వడం ఊరి పద్ధతి. వెంకటేశ్వర్లు అనే రైతు కోడికూర కూడా పంపి చూశాడు.

"ఏమప్పా తిమ్మయ్యా, మంద ఎప్పుడు తోలతావు?"

"కూర శానా బాగుండాది. పొట్టేలే ఇంగా ఒప్పుకోలే."

గుట్ట కింద గంగక్కకు రెండెకరాల ఎర్రచేను ఉంది. ఎద్దులు పోయాక దాంట్లో పెంట పడింది లేదు. రెండేళ్లుగా వేరుశనగ పెట్టిన విత్తనం కూడా రాలేదు. సోలారు పలకలు పాతేవాళ్లు కౌలుకు అడుగుతున్నారు. వచ్చే ఏడు కూడా పంట పోతే సంతకం పెట్టేద్దామనుకుంది. మంద అడుగుదామంటే ఇవ్వడానికి జొన్నలు లేవు, ఊరికే తీసుకోవడానికి మనసొప్పదు.

తిమ్మయ్య మధ్యాహ్నాలు మందను గుట్ట మీదే రోజుకో చోట నిలిపేవాడు. ఎందుకని ఆమె ఒకసారి అడిగింది.

"మేసేది గుట్ట గడ్డి. పెంటంతా మీ చేన్లకే తెచ్చిపోస్తే గుట్ట ఏం తినల్లక్కా? నేను కాదు, పొట్టేలు అడుగుతాండాది."

ఆమె నవ్వింది. కానీ వాన పడ్డాక చూస్తే, మంద నిలిచిన చోటల్లా గడ్డి ఒత్తుగా లేచింది. తన చేను ఇన్నేళ్లూ ఇస్తూనే ఉంది, దానికి తిరిగి ఎవరు పెట్టారని గంగక్క చాలాసేపు ఆలోచించింది.

మరుసటి ఎండాకాలం ఒక సాయంత్రం మంద ఆమె చేలో పండుకుని ఉంది. గంగక్క పరుగున వచ్చింది.

"ఎవరు తోలమన్యారు? నీకిచ్చేదానికి నా దగ్గర గింజ ల్యా."

"నేను యాడ తోలినా? అదే వచ్చి పండుకుండాది, లేపితే లేయదు. కావల్లంటే నువ్వే అడుగు."

గంగక్క నిజంగానే అడిగింది. పొట్టేలు నెమరేసింది. పన్నెండు రోజులు ఇదే వరస. కోడికూర పంపిన వెంకటేశ్వర్లు పొట్టేలు మీద అలిగాడు.

దుక్కికి ముందు గట్టువార రాళ్లు ఏరుతుంటే ఆమెకు ఒక బండ కనిపించింది. గొర్రెలు నాకి నాకి నున్నగా చేసిన బండ. దాని సందుల్లో ఇంకా నాలుగు ఉప్పురాళ్లు మిగిలి ఉన్నాయి. పొట్టేలు ఎందుకు లేవలేదో అప్పుడు అర్థమైంది. తిమ్మయ్య మీద కొండంత అభిమానం పుట్టింది. అయినా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా.

వానలు పడ్డాయి. వేరుశనగ నేల కనిపించకుండా కమ్ముకుంది. సోలారు మనిషి కాగితాలతో వచ్చాడు.

"ఏమక్కా, సంతకం పెడతావా?"

గంగక్క గుట్ట వైపు చూసింది.

"పొట్టేలును అడిగి చెప్తానప్పా."