క్యాసెట్టు కొసన మూడు నిమిషాలు

మా అమ్మాయి బోథ్‌లో పిల్లలకు కంప్యూటర్ పాఠం చెబుతుంది. మొన్న పొద్దున ఇక్కడ కాగజ్‌నగర్‌లో ఇంటి ముందు ఎండలో కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, ఫోనులో ఒక పుట ఫోటో పంపింది. పైన లావు అక్షరాలతో 'మల్టీమీడియా సాంకేతికత: పరిచయం, ఉపయోగాలు' అని ఉంది. అక్షరాలు, బొమ్మలు, శబ్దం, వీడియో, యానిమేషన్, ఈ అయిదూ ఒక్కచోట కలిస్తే మల్టీమీడియా అట. ఉపయోగాలేమో విద్య, వినోదం, వ్యాపారం, సమాచారం. ఆ వెంటనే ఫోన్ చేసి, "అమ్మా, పిల్లలకు ఎక్కుతలేదు. నువ్వు చిన్నతాత దుకాణంల పనిచేసినవ్ గదా, ఏదన్న ఒక ముచ్చట చెప్పు" అంది. చెబుతానులే అని పెట్టేశాను. చిక్కుడుకాయలు అయిపోయాయి గానీ, ఏం చెప్పాలో తేలలేదు.

ఆమె చిన్నతాత అంటే మా బాపు తమ్ముడు, నాకు చిన్నబాపు. మెట్‌పల్లిలో ఆయనకు ఫోటో స్టూడియో ఉండేది. కరీంనగర్ వెళ్ళి మూడు నెలలు ఏదో నేర్చుకొచ్చి, ఒక కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టి, దాని మీద పెండ్లిలో పెట్టిన కొత్త తువ్వాల కప్పి, గోడ మీద 'మల్టీమీడియా' అని ఎర్ర రంగుతో రాయించాడు. లోపలికి రావాలంటే చెప్పులు బయట విడవాలి, గుడికి మల్లే. మా బజారులో ఆ మాటకు అర్థం తెలిసినవాడు ఆయనొక్కడే, అదీ సగమేనని నా అనుమానం. ఒక ముసలాయన అది మెడికల్ అనుకుని వచ్చి, పండ్లు ఇక్కడనే పీకుతారా అని అడిగాడు. ఇంకొకాయన మోకాలు ఎక్స్‌రే తెచ్చి "గిది జర సాఫ్ చెయ్, డాక్టర్‌కు సమజైతలేదట" అన్నాడు. చిన్నబాపు ఎవరినీ లేదనడు. ఆ ఎక్స్‌రేను పెద్దగా చేసి, చుట్టూ పూల అంచు పెట్టి మరీ ఇచ్చాడు. మోకాలేమైందో తెలియదు కానీ, ఆయన మాత్రం సంబరంగా పోయాడు.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. సెలవుల్లో పెండ్లి పత్రికలు టైపు చేసే పని నాది. ఆ అయిదింటిలో అక్షరాలు నావన్నమాట. బొమ్మలు చిన్నబాపువి. మా వైపు ప్రతి ఇంటి నుంచీ ఒకడు దుబాయిలో ఉంటాడు; మస్కట్ అయినా కువైట్ అయినా మాకు దుబాయే. పెండ్లికి రాలేని అన్ననో తమ్ముడినో గ్రూపు ఫోటోలో అతికించడం ఆయన చేతి పని. పాస్‌పోర్ట్ ఫోటోలో మెడ దాకానే ఉంటుంది కనుక, ఒంటిని ఇంకొకరి దగ్గర అరువు తెచ్చేవాడు. ఒకసారి ఒక తమ్ముడికి అన్న ఒళ్ళే పెట్టాడు. ఫోటోలో ఒకే చొక్కా, ఒకే గడియారం, తలలు వేరు. ఆ ఇంటివాళ్ళు ఏమీ అనలేదు సరికదా, పిల్లవాడు దుబాయిలో మంచిగా ఒళ్ళు చేశాడని మురిసిపోయారు. ఇక పెండ్లి వీడియో మిక్సింగ్ సంగతి. గులాబీ విచ్చుకుంటే అందులో పెండ్లికూతురు మొహం, విమానం ఎగిరితే కిటికీలో పెండ్లికొడుకు. మాటలూ మంత్రాలూ అన్నీ తీసేసి మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు వేసేవాడు. మాటలెందుకు తీస్తావు చిన్నబాపూ అని అడిగితే, "పెండ్లిల ఏముంటది బిడ్డా, లొల్లి తప్ప" అనేవాడు. ఆ మాట తర్వాత ఆయనకే తగిలింది.

మా మేనత్త, అంటే బాపుకూ చిన్నబాపుకూ అక్క, మెట్‌పల్లి పక్క ఊళ్ళోనే ఉండేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు నాకు బావ. ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. బిడ్డ నడక నేర్వకముందే బావ దుబాయి పోయాడు. చదువు సంతకం దాకానే, ఉత్తరం రాయలేడు. అందుకని క్యాసెట్టులో మాట్లాడి, సెలవు మీద వచ్చే ఎవరితోనో పంపేవాడు. ఆ రోజు ఇల్లంతా టేపురికార్డర్ చుట్టూ చేరేది. విన్నాక జవాబు. మేనత్త మొదటి వైపు మొత్తం మాట్లాడేది, దుబాయి దూరం కదా అని గొంతెత్తి. రెండో వైపు అక్కకు. ఆమెకు అందరిలో మాటలు రావు, అయిదు నిమిషాలకు బటన్ నొక్కేసేది. ఇందులో ఒక తిరకాసు ఉంది. జవాబు కొత్త క్యాసెట్టులో కాదు, బావ పంపిన దాంట్లోనే, ఆయన మాటల మీదనే. దుకాణంలో డబ్బా నిండా ఖాళీవి ఉన్నాయి, ఒకటి తీసుకుపో అక్కా, వాడి మాట ఉంచుకోరాదా అని చిన్నబాపు మేనత్తకు ఎన్నిసార్లు చెప్పాడో. ఆమె వింటేనా! పక్కింటివాళ్ళు కూర పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు, ఒక గుప్పెడు పప్పయినా వేసి పంపాలి. మేనత్త అదే పద్ధతి క్యాసెట్టుకూ పెట్టింది. "మాట వచ్చిన గిన్నెల మాటే పోసి పంపాలె. ఉంచుకుంటె మంచిది గాదు" అనేది. అలా రెండేళ్ళు ఒకే క్యాసెట్టు అటూ ఇటూ తిరిగింది.

ఒకరోజు పనిలో బావ గుండె ఆగిపోయింది. పెట్టె వచ్చింది, పెట్టెతో పాటు ఒక సంచి వచ్చింది. ఆ రోజుల గురించి రాయడానికి ఏమీ లేదు, అందరిళ్ళలో ఏడ్చినట్టే ఏడ్చాం. కొన్ని నెలలకు బావ బిడ్డ, అప్పటికి మూడేళ్ళది, ఫోటో చూసి "బాపు ఎట్ల మాట్లాడుతుండె?" అని అడిగిందట. అడిగితే చూపించడానికి, చిన్నబాపు చేసిన పెండ్లి వీడియో బయటికి తీశారు. అందులో బావ ఉన్నాడు, కెమెరా వైపు తిరిగి నవ్వుతూ ఏదో అంటున్నాడు కూడా. పెదవులు కదులుతున్నాయి, వినబడేది మాత్రం సినిమా పాట. చిన్నబాపు అసలు టేపు కోసం దుకాణమంతా తిరగేశాడు. అది ఎప్పుడో ఇంకెవరి పెండ్లికో వాడేశాడు. "నేనే తీసేసిన, నా చేతులతోని" అని తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మేనత్త అయితే గిన్నె మాటే ఎత్తలేదు. అన్నం కూడా ఎవరైనా పెడితేనే తినేది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అక్క దుకాణానికి వచ్చింది, వెనక మేనత్త, ఆమె చంకలో పిల్ల. అక్క కొంగు ముడి విప్పి ఒక క్యాసెట్టు బల్ల మీద పెట్టింది. బావ సంచిలో దొరికిందట, మేం పంపిన చివరి జవాబు. చిన్నబాపు ఏమీ అర్థంకాక, "దీంట్ల మీ మాటలే ఉంటయ్ గద బిడ్డా" అన్నాడు. అప్పుడు అక్క నేలచూపులు చూస్తూ చెప్పింది. "నేను మాట్లాడినంత వరకే ఆయనది పోతది గద చిన్నబాపూ. అవుతల ఉంటది. ఆయనే అన్నడు ఒకసారి." మరి ఇంట్లో పెట్టి చూడకపోయావా అంటే, ఇంట్లో టేపు రీలు మింగుతుంది, ఒక్కసారి మింగితే ఇక లేదు, అందుకని పెట్టలేదు అంది. ఇంకో మాట కూడా అంది. "ఎక్కువ మాట్లాడుమన్నడని ఆసారి నేను జర ఎక్కువనే మాట్లాడిన. అంతా తుడిచిన్నో ఏమో." ఆమె నోటి నుంచి అన్ని మాటలు ఒక్కసారి రావడం నేను వినడం అదే మొదటిసారి.

చిన్నబాపు తలుపు వేసి, దూది స్పిరిట్‌లో ముంచి తన టేపురికార్డర్‌లో రీలు తాకే హెడ్డు తుడిచాడు, తుడిచిందే నాలుగుసార్లు తుడిచాడు. వైరు కంప్యూటర్‌కు కలిపి రెండో వైపు పెట్టాడు. తెర మీద ఆకుపచ్చ గీత. మాట వస్తే లేస్తుంది, ఆగితే పడుకుంటుంది. అక్క గొంతు వచ్చింది. పసుపు ఉడకబెట్టిండ్రు, బిడ్డ గడప దాటి బజార్లకు ఉరుకుతుంది, బర్రె ఈనింది, ఆడదుడ్డె. "గీసారి ఎక్కువనే మాట్లాడుతున్న సూడు" అని నవ్వింది. అయిదు నిమిషాలు దాటాయి, ఆరు, ఏడు. దుకాణంలో కూచున్న అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది, ఆ మాట్లాడే మనిషిని ఆపలేక. చివరికి టేపులో, "ఇగ ఏం చెప్పాల్నో తెలుస్తలే, ఉంట మరి" అంది. టక్కుమని బటన్ చప్పుడు. గీత పడుకుంది.

గీత లేచింది. మాట మధ్యలో నుంచి బావ గొంతు. "...అవ్వకు కండ్లజోడు పంపిన, పెట్టుకొమ్మను, పెట్టెల దాసొద్దని చెప్పు. బర్రె ఈనిందా? ఏం దుడ్డె? ఇగో, నిన్నే. గీసారన్న జర ఎక్కువ మాట్లాడే. పోయినసారి అయిదు నిమిషాలకే బంద్ చేసినవ్. నీ మాట విందామని పెట్టుకుంటె, మిగిలిందంత నా మాటే నాకు వినొచ్చె." తర్వాత గదిలో ఎవరో పిలిచారు, వస్తున్నానన్నాడు, పిల్ల పేరు రెండుసార్లు పిలిచాడు, అయిపోయింది. మొత్తం మూడు నిమిషాలు. పిల్ల ఉలిక్కిపడి స్పీకరు వెనక్కి తొంగి చూసింది. అక్కను పెండ్లయినప్పటి నుంచీ మూగమొద్దు అని తిట్టిన మేనత్త, ఆమె తలను తన కడుపుకు అదుముకుని, "మాట్లాడకపోవుడే మంచిగైంది బిడ్డా, మాట్లాడకపోవుడే మంచిగైంది" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చిన్నబాపు మాత్రం ఏడవలేదు, ఆ మూడు నిమిషాలనూ వేరుచేసి ఒకచోట కాదు, మూడుచోట్ల దాచే పనిలో పడ్డాడు. ఆ గొంతును పెండ్లి వీడియోలో పాట తీసేసి కలిపి ఇస్తానన్నాడు. అక్క వద్దంది. పెండ్లిల గీ మాటలు అనలేదు గద, ఎక్కడివి అక్కడనే ఉండనియ్ అంది.

ఆ రోజు నుంచి చిన్నబాపు పెండ్లి వీడియోల్లో మాటలు తీయడం మానేశాడు. జనం తిట్టుకున్నారు, పాటలు లేని పెండ్లి ఏం పెండ్లి అని. అన్నం ఉడకలేదని మేనమామలు అరిచింది కూడా అందులో ఉండేది మరి. ఆయన ఇప్పుడు లేడు. ఆ గోడ మీద ఎర్ర అక్షరాల మీద ఇంకెవరిదో సున్నం పడింది. మేనత్త కూడా పోయింది, పోయేనాటికి ఆ కండ్లజోడు పెట్టెలోనే ఉంది. చిన్నబాపు సీడీలో దాచిన ఆ మూడు నిమిషాలు ఫోన్లలోకి ఎక్కాయి, మా అందరి దగ్గరా ఉన్నాయి. నిన్న నేను మా అమ్మాయికి అదే పంపి, పిల్లలకు వినిపించు, అయిదింటిలో శబ్దం అంటే ఇది, ఉపయోగం ఏమిటో వాళ్ళనే చెప్పమను అన్నాను. ఆ బర్రె ఎప్పుడో పోయింది, దాని దుడ్డె పెద్దదై ఈని, అదీ పోయింది. బావ బిడ్డకు వచ్చే ఏడు వాళ్ళ బాపు పోయిన వయసు వస్తుంది. అక్క ఆ క్యాసెట్టులో జవాబు ముందే చెప్పేసినా, ఆయన మాత్రం ఇంకా ముప్ఫై ఒక్క ఏళ్ళ గొంతుతో బర్రె ఈనిందా అని అడుగుతూనే ఉన్నాడు.