మునిగిన కొండలూ, అమ్మ కుట్టుమిషనూ

ఎనభైల మొదట్లో తిరుపతిలో ఎమ్మెస్సీ చదివాను. మా భూగర్భశాస్త్రం క్లాసులో పద్నాలుగు మంది మగపిల్లలు, నేనొక్కదాన్నే ఆడపిల్లను. డిసెంబరులో కడప వైపు కొండల్లో పది రోజుల క్యాంపు ఉండేది. రాళ్ళు కొట్టి చూడాలి, కొండల పటం గీయాలి. అది చేయకపోతే పట్టా చేతికొచ్చినా ఉద్యోగానికి పోయిన చోట గుమ్మంలోనే తిప్పి పంపేస్తారు. ఆ క్యాంపు లిస్టులో నా పేరు లేదు.

క్యాంపుకి తీసుకుపోయే సారు గదికి వెళ్ళి ఎందుకు లేదని అడిగాను.

“ఆడపిల్లవి, కొండల్లో యాడ పండుకుంటావమ్మా? నీకు తోడెవురుండారు? ఈడనే ఉండి, సముద్రం అడుగున ఆరిపోయిన అగ్నిపర్వతాల మీద సెమినార్ చెప్పు. ఆడికి మగోళ్ళు గూడా పోలేరు గదా!” అని నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. సరే సార్ అని బయటికొచ్చాను గానీ, ఆ సెమినార్ చెప్పి మరీ క్యాంపుకి పోతానని మెట్లు దిగేలోపే తీర్మానించుకున్నాను.

వారం రోజులు లైబ్రరీ వదల్లేదు. హవాయి దీవుల దగ్గర మొదలై పసిఫిక్ సముద్రంలో వేల మైళ్ళు సాగే కొండల వరుస అది. ఈ చివరవి ఇంకా నిప్పు కక్కుతున్నాయి. ఆ తర్వాతవి ఆరిపోయాయి. మరీ దూరానివి నీళ్ళలో మునిగే పోయాయి. మధ్యలో ఒకచోట వరుస మొత్తం ఉత్తరానికి తిరుగుతుంది. భూమి లోపల వేడి చోటు ఒక్కటే, అది కదలదు, దాని పైనున్న సముద్రపు నేలే జరిగిపోతూ ఉంటుందని పుస్తకంలో ఉంది. చదివితే అర్థమైంది, చెప్పబోతే నాకే గందరగోళంగా ఉంది.

ఇంట్లో అమ్మ రవికెలు కుట్టేది. నాయన పోయాక ఇల్లు ఆ చేతిమిషను మీదే నడిచింది. ఒక సాయంత్రం ఊరికే చూస్తూ కూర్చున్నాను. సూది ఉన్నచోటే ఆడుతోంది, బట్ట జరుగుతోంది, కుట్లు వరుసగా పడుతున్నాయి. రవికె చంక దగ్గర అమ్మ బట్ట తిప్పింది. కుట్టూ తిరిగింది.

“మా, రేపు మిషను నాకు కావల్ల!”

“పండగ రవికెలుండాయే! నీకేమన్నా పిచ్చా?” అని అరిచింది. ఎందుకో విన్నాక తనే రిక్షా పిలిచి, నేనొక్కదాన్నే మోయలేనని తనూ ఎక్కింది.

క్లాసులో ఇద్దరం మిషను బల్ల మీద పెట్టి, అమ్మ వెనక బెంచీలో కూర్చోగానే మగపిల్లలు ఇకఇకలు మొదలుపెట్టారు. పట్టించుకోలేదు. నీలం గుడ్డ మీద ఎర్ర దారంతో కుట్టి చూపించాను. ఇప్పుడే పడిన కుట్టు మండుతున్న కొండ, ఎప్పుడో పడి దూరం జరిగిన కుట్టు మునిగిన కొండ. గుడ్డ తిప్పి, వరుస ఎలా మళ్ళిందో చూపించాను. ఇకఇకలు ఆగిపోయాయి.

“సూది పైనుంచి దిగుతుండాది గదమ్మా. నిప్పు వచ్చేది కిందినుంచి గదా?” అన్నారు సారు.

నేను మిషను ఆపి సూది వైపు చూశాను.

“కింద బాబిన్ ఉండాది సార్,” అంది వెనక నుంచి అమ్మ. “కింది దారం పైకి రాకుంటే కుట్టే పడదు.”

సారు లేచి వచ్చి, వంగి, బాబిన్ చూశారు. తల ఊపారు.

“బాగా చెప్పినావు. మంచి మార్కులేస్తాను.”

“మార్కులు కాదు సార్, లిస్టులో పేరు కావల్ల.”

“నీకు తోడు...”

“నేనొస్తాను సార్,” అంది అమ్మ. “పది దినాలు మిషను మూసిపెడతాను.”

సారు లిస్టు తీసి నా ముందుకు జరిపారు. పండగ ముందు పది రోజులు మిషను మూస్తే మా ఇంట్లో ఏమవుతుందో ఆ గదిలో అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. వద్దమ్మా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. సిగ్గుపడుతూనే పెన్ను తీసుకుని, పదిహేనో పేరు నేనే రాసుకున్నాను.