మా వంటింటి కప్పుకు గవాచి

నా చిన్నప్పుడు, రాప్తాడు దగ్గరి మా ఊళ్లో, మా వంటింటికి పట్టపగలు కూడా దీపం కావాలి. మట్టి మిద్దె, కిటికీ లేదు. కందికట్టెల పొగ బయటికి దారి దొరక్క అక్కడే తిరుగుతుండేది. ఆ ఏడు మా అమ్మకు దగ్గు పట్టుకుంది. సాయంత్రానికి కళ్ళు ఎర్రబడి సూదిలో దారం ఎక్కించలేకపోయేది.

కప్పుకు గవాచి, అంటే పొగ పోయి వెలుతురు వచ్చే కంత, పెట్టమని మా నాయనతో వారం రోజులు వాదించాను. పదేళ్ళదాన్నే గానీ నోరు మాత్రం ఇప్పటంతే.

“మిద్దెకు కంత పెడితే వాననీళ్ళు యాడికి పోతాయి? కూట్లోకే” అనేవాడు.

“వానేమన్నా దినామూ వస్తాందా నాయనా?” అంటే కసురుకునేవాడు.

ఆయన్ని కన్న మా అవ్వ ఈ గొడవలో ఒక్క మాటా కలపలేదు. ఒక మధ్యాహ్నం, మగవాళ్ళు భోంచేసే వసారాను సరిగ్గా ఆయన వచ్చే వేళకు పేడతో అలికేసింది. తడి అలుకు తొక్కడం మా ఇంట్లో ఎంత తప్పో ఆయనకు తెలుసు. “అది ఆరేదంకా లోపల్నే కుచ్చోని తినప్పా” అంది. పొయ్యి దగ్గర అమ్మ సంగటి గెలుకుతోంది. నాయన తొలిముద్దకే దగ్గాడు, రెండో ముద్దకు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. లేవబోతే అవ్వ ఇంకో ముద్ద వేసింది.

“యాడికప్పా అంత తొందర? తిను.”

“ఈ పొగలో ఎట్లుంటాండావే?” అని ఆయన అమ్మనడిగాడు.

“ఈ పొద్దు తక్కువేలే” అంది అమ్మ, తల తిప్పకుండా.

మరునాడు పొద్దున్నే నాయన గడ్డపార తీసుకుని మిద్దె ఎక్కాడు. నేను బడి ఎగ్గొట్టాను. అంత సందడి మా ఇంట్లో పెళ్ళిళ్ళకు కూడా చూడలేదు. ఎర్రమన్నులో కొర్రగడ్డి ముక్కలు, పేడ కలిపి, మోకాళ్ళదాకా దిగబడుతూ తొక్కాను. అవ్వ పాత పొయ్యి పగలగొట్టి, గవాచికి సరిగ్గా కింద కొత్తది వేసింది. నాయన కంతలో అడుగు తీసిన కుండను నిలిపి, చుట్టూ నీరు దిగని చౌడుమన్ను దట్టించాడు. వానొస్తే మూయడానికి పక్కనే పలకబండ పెట్టాడు. గోడలకు అందరం సున్నం కొట్టాం.

నాలుగు రోజులకు కొత్త పొయ్యి తడి ఆరింది. అమ్మ నిప్పు రాజేసింది. పొగ కాసేపు తటపటాయించి, నిటారుగా పైకి లేచింది. మిద్దె మీద నిలబడ్డ నాయన, “వస్తాంది, ఈడికొస్తాంది” అని ఊరంతా వినబడేలా అరిచాడు. కింద అమ్మ ఎండపొడలో చేతులు చాపి, తన గాజుల రంగు చూసుకుంటోంది.

నా నోరేమీ తగ్గలేదు. కాలేజీ చదువు దానికి ఇంకాస్త పదును పెట్టింది. కానీ ఎవరి కష్టం గురించైనా వాదించాల్సి వస్తే, వినని మనిషిని ఆ కష్టం పక్కన కూర్చోబెట్టే ఉపాయం ముందు వెతుకుతాను. ఆ ఉపాయం నుంచి నన్ను కూడా మినహాయించుకోను. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, వడ్డించేలోగా లోపలికి పోయి, వండుతున్న మనిషి పక్కన కాసేపు నిలబడి వస్తాను.