నిమ్మకాయ తొక్కిన కారు

గురజాలలో మా వీధంతటికీ ఆయన లారీ పెదనాన్న. చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించనిదే బండి తీసేవాడు కాదు. లారీ బోల్తాపడి కాళ్లు చచ్చుబడ్డాక మంచం పట్టాడు. మళ్లీ ఒక్కసారి బండి నడపాలన్న పట్టుదలతో డాల్డా డబ్బా రేకు కత్తిరించి, క్యాలెండర్లో చూసిన పాతకాలపు ర్యాలీ కారులాంటిది తయారుచేశాడు. రేడియో షాపు సాయిబు దానికి మోటారూ రిమోటూ కుదిర్చాడు.

తొలిసారి నడిపేరోజు చిన్న కారుకూ నిమ్మకాయ పెట్టించాడు. టైరు కంటే నిమ్మకాయే పెద్దది. మోటారు మూలిగింది గానీ కారు కదల్లేదు.

"రిమోటు నిమ్మకాయకి పెట్టాల్సింది పెదనాన్నా," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"తీసేస్తే పోద్ది గదయ్యా," అంది పెద్దమ్మ.

"లారీ బోల్తాపడ్డ ఆయాల గూడా తొందరపడి పెట్టకుండానే తీశా గదే."

పెద్దమ్మ లోపలికెళ్లి, నిమ్మకాయను పల్చటి బిళ్లగా కోసుకొచ్చి చక్రం కింద పెట్టింది. కారు దాన్ని తొక్కుకుంటూ దుమ్ము రేపుతూ పోయింది. అందరూ కారు వెంట చూశారు. నేను మంచం వైపు చూశాను. ఎడమచేతిలో రిమోటు పట్టుకుని, కుడిచేత్తో తన చచ్చుబడిన మోకాలిని కిందికి నొక్కుతున్నాడు, యాక్సిలరేటర్ తొక్కుతున్నట్టు.